భోగి సర్దుళ్లలో దొరికిన ఆక్సీమీటర్: కరోనా రోజుల్లో మనసు దెబ్బతిన్నవాళ్లు ఇక్కడ రాయండి

తులసికోట | 11 జనవరి 2024, మధ్యాహ్నం 3:10

ఆదివారం భోగి కదా అని ఈరోజు సెలవు పెట్టి బీరువా పై అర సర్దుతున్నాను. పాత చీరల కింద ఒక స్టీలు డబ్బా కనిపించింది. మూత తీస్తే ఆక్సీమీటర్, సగం చిరిగిన నోట్‌బుక్, మా ఆయన సీటీ స్కాన్ కవరు ఉన్నాయి.

అంతే, ఉన్నచోటే నేల మీద కూలబడ్డాను. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఊపిరి గొంతు దాకా వచ్చి ఆగిపోతున్నట్టు. పక్కింట్లో కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడ్డాను. పది నిమిషాలకు లేచి మొహం కడుక్కున్నాను కానీ ఆ డబ్బా ఇంకా నేల మీదే ఉంది.

2021 మే. మాది గుంటూరు. ఆయనకు ఊపిరితిత్తుల స్కాన్‌లో జబ్బు తీవ్రత 25కి 14 వచ్చింది. బెడ్ ఎక్కడా లేదు. తెలిసిన డాక్టరు ఫోన్‌లో మందులు చెప్పి, బోర్లా పడుకోబెట్టండి, ఆక్సిజన్ 94 కన్నా తగ్గితే ఎలాగైనా తీసుకురండి అన్నారు. నాకూ పాజిటివే. బాబు మా అత్తగారి దగ్గర. రాత్రంతా అరగంటకోసారి ఆయన వేలికి ఆ క్లిప్పు పెట్టి నోట్‌బుక్‌లో రాసేదాన్ని. ఇప్పుడు ఆ పేజీ తీశాను. 2:00 – 94. 2:30 – 92. పక్కన నా చేతిరాతే, "వేలు చల్లగా ఉంది, మళ్లీ చూడాలి". 2:40 – 94. ఆ పది నిమిషాలు నాకు ఇంకా అయిపోలేదు.

ఆయన కోలుకున్నారు. ఇప్పుడు షటిల్ ఆడుతున్నారు. "గండం గడిచింది కదా, ఇంకేంటమ్మా" అని అందరూ అన్నారు, నేనూ అదే అనుకున్నాను. కానీ రెండున్నరేళ్లుగా రోజూ రాత్రి రెండున్నరకు మెలకువ వస్తుంది. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి పడుకుంటాను. ఆయనకు తెలియదు. మొన్న డిసెంబర్‌లో టీవీలో జేఎన్.1 అని కొత్త రకం కరోనా గురించి స్క్రోలింగ్ వస్తే బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని కూర్చున్నాను.

జబ్బు చేసింది ఆయనకు. నాకు చేసినదానికి పేరేంటో తెలియదు. మీలో ఎవరికైనా ఇలా ఉందా? ఉంటే ఎవరికి చెప్పారు?

గడియారం | 11 జనవరి, మధ్యాహ్నం 3:42

నాకు అంబులెన్స్ సైరన్. ఇప్పటికీ వినబడితే వేళ్ల మీద లెక్కపెడతాను, ఎన్ని వెళ్లాయా అని. మాది మెయిన్ రోడ్డు ఇల్లు. ఇల్లు మారదామంటే ఇంట్లో నవ్వుతారు.

పాత చింతకాయ | 11 జనవరి, సాయంత్రం 5:15

మనోవ్యాధికి మందు లేదని పెద్దలు ఊరికే అనలేదు. తవ్వుకునే కొద్దీ నీళ్లూరినట్టు ఊరుతుంది ఇది. ఆ డబ్బా మున్సిపాలిటీ బండిలో పడేయండి, పండగ పనుల్లో పడండి. మా చిన్నప్పుడు కలరా వస్తే ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యేవి. ఎవరూ ఇలా చర్చలు పెట్టుకోలేదు.

ఇరవై సెకన్లు | 11 జనవరి, సాయంత్రం 6:03

చింతకాయ గారూ, చర్చ పెట్టుకోలేదు సరే, ఎంతమంది ఏమయ్యారో మీకెలా తెలుసు?

తులసికోట గారూ, నాది వేరే కథ, కొంచెం నవ్వుకోండి. నాకు ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) 2016 నుంచి ఉంది. శుభ్రం గురించే. 2019లో హైదరాబాద్‌లో ఒక సైకాలజిస్ట్ దగ్గర చికిత్స మొదలుపెట్టాను. ఆవిడ హోంవర్క్ ఇచ్చేది: సిటీ బస్సులో పైన కడ్డీ పట్టుకో, దిగాక అరగంట చేతులు కడుక్కోకు, ఆ భయం పెరిగి పెరిగి దానంతటదే ఎలా దిగుతుందో చూడు. అరగంట నుంచి రెండు గంటల దాకా వచ్చాను. ఫిబ్రవరి 2020లో బండి మీద పానీపూరీ తిన్నాను. మా అమ్మ ఏడ్చింది, సంతోషంతో.

మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా రింగ్ బదులు దగ్గు. తర్వాత ఒక గొంతు, చేతులు సబ్బుతో కడుక్కోండి అని. ఏళ్ల తరబడి నన్ను తిట్టిన మా నాన్న పాల ప్యాకెట్ సబ్బునీళ్లతో కడుగుతున్నాడు. కూరగాయలు ఉప్పునీళ్లలో, నోట్ల మీద ఇస్త్రీపెట్టె. లోకమంతా నాలాగా అయిపోయింది! మొదటి వారం నిజం చెప్పనా, గర్వంగా ఉండింది. మా చెల్లి "ఇంట్లో ఎక్స్‌పర్ట్ ఉంది, అడుగు" అనేది.

తేడా ఎక్కడంటే, వాళ్లు కడుక్కుని వచ్చి ఇడ్లీ తినేవాళ్లు. నాకు ఇరవై సెకన్లు లెక్కపెట్టేటప్పుడు పద్నాలుగు దగ్గర తడబడితే మళ్లీ ఒకటి నుంచి. జూన్‌కల్లా మోచేతుల దాకా చర్మం పగిలి నెత్తురు. అప్పుడు కూడా ఎవరికీ అనుమానం రాలేదు. జాగ్రత్తపరురాలు అన్నారు! 2021 చివర్లో మళ్లీ అదే సైకాలజిస్ట్‌కు వీడియో కాల్ చేశాను. బస్సు కడ్డీ నుంచి మళ్లీ మొదలు. ఇప్పుడు నలభై నిమిషాల దగ్గర ఉన్నాను.

వార్డు టీ | 11 జనవరి, రాత్రి 9:48

నేను సైకియాట్రీ పీజీ పూర్తి చేసి ప్రభుత్వ ఆసుపత్రిలో పని చేస్తున్నాను. ఇక్కడ నేను డాక్టర్‌గా కాదు, సభ్యుడిగా రాస్తున్నాను. చూడకుండా జబ్బు పేరు పెట్టకూడదు.

అయినా ఒక మాట. ఊపిరి అందడం లేదనిపిస్తే మనం వేగంగా పీలుస్తాం. దాంతో ఒంట్లో తగ్గేది ఆక్సిజన్ కాదు, కార్బన్ డయాక్సైడ్. అందుకే పెదవులు, వేళ్ల కొనలు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఇది పానిక్ ఎటాక్ లక్షణం, సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి దిగుతుంది. 2021లో రాత్రి డ్యూటీలో మాకు వచ్చిన ఫోన్లలో ఒక రకం ఉండేవి: "సార్, ఊపిరాడట్లేదు, మిషన్ మాత్రం 98 చూపిస్తోంది, పాడైందేమో." మిషన్ బాగానే ఉండేది. అయితే మొదటిసారి గుండె దడ, ఛాతీలో పట్టేసినట్టు వస్తే మాత్రం పానిక్ అని ఇంట్లోనే తేల్చేసుకోకుండా ఈసీజీ తీయించుకోవాలి.

రెండున్నరేళ్లుగా అదే గంటకు మెలకువ, వస్తువు చూడగానే ఆ రాత్రి మళ్లీ కళ్ల ముందుకు రావడం, వార్త వస్తే తప్పించుకోవడం... వీటికి పేరు ఉంది, చికిత్స ఉంది. పీటీఎస్‌డీ అనే మాట విని ఉంటారు, భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలని జబ్బు. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకే అని చాలామంది అనుకుంటారు. పక్కన మనిషి పోతాడేమోనని రాత్రులు కాపలా కాసినవాళ్లకూ వస్తుంది. ఒకసారి చూపించుకోండి. ఆలస్యమైందని అనుకోవద్దు.

కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచంలో ఆందోళన, డిప్రెషన్ దాదాపు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో చెప్పింది. మీరు ఒక్కరే కాదనడానికి ఈ లెక్క.

చింతకాయ గారూ, మనోవ్యాధికి మందు ఉందండీ. సామెత పుట్టినప్పుడు లేదు, నిజమే.

పాత చింతకాయ | 11 జనవరి, రాత్రి 10:30

మందు ఉందంటున్నారు కాబట్టి అడుగుతున్నా. 2020 ఆగస్టులో నిద్ర పట్టక ఒక క్లినిక్‌కు వెళ్లాను. మూడు నిమిషాలు చూసి ఒక చిన్న బిళ్ల రాశాడు. పదిరోజులకని రాశాడు. పదకొండో రోజు బిళ్ల లేకుండా పడుకుంటే తెల్లవార్లూ చూరు చూస్తూ ఉన్నాను. ఆ చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళితే ఇచ్చాడు. తర్వాత చీటీ కూడా అడగలేదు. ఏడాదిన్నర మింగాను. మానేద్దామని ఒకరోజు ఆపేస్తే ఒళ్లంతా వణుకు, చెవుల్లో హోరు, పిచ్చెక్కుతుందేమో అనిపించింది. నన్ను అడిగితే ఆ మందే నా జబ్బు.

వార్డు టీ | 11 జనవరి, రాత్రి 11:05

మీ కోపం న్యాయమైనది. ఆ రకం బిళ్లలు కొద్దిరోజులకే వాడాలి, నెలల తరబడి మింగితే ఒళ్లు అలవాటు పడుతుంది. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. డిప్రెషన్‌కు, పానిక్‌కు వాడే ముఖ్యమైన మందులు వేరే జాతివి. అవి పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పుతుంది, అందుకే చాలామంది వారంలో మానేసి "పని చెయ్యలేదు" అంటారు. అవి నిద్రబిళ్లల్లా అలవాటు చేయవు కానీ, వాటినీ చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు. మీరు ఎలా ఆపారు?

పాత చింతకాయ | 11 జనవరి, రాత్రి 11:20

ఇంకో డాక్టరమ్మ. సగం, పావు, రోజు విడిచి రోజు... నాలుగు నెలలు. మా మనవరాలు బ్లేడుతో కోసిపెట్టేది. సరే, ఆవిడకి దణ్ణం.

నైట్ డ్యూటీ | 12 జనవరి, తెల్లవారుజామున 4:25

నర్సుని. రెండు వేవ్‌ల్లోనూ కోవిడ్ వార్డులో చేశాను. ఏ ఆసుపత్రో చెప్పను.

పీపీఈ వేసుకుంటే ఆరు గంటలు నీళ్లు లేవు, బాత్రూం లేదు. అందరం ఒకేలా కనబడతామని వీపు మీద మార్కర్‌తో పేర్లు రాసుకునేవాళ్లం. అద్దాలకు ఆవిరి పట్టి సూది గుచ్చాలంటే నరం చేత్తో తడుముకోవడమే. అవన్నీ పేపర్లో వచ్చాయి. పేపర్లో రానిది క్యారియర్లు.

ఇళ్ల నుంచి భోజనం క్యారియర్లు గేటు దగ్గర ఇచ్చేవాళ్లు. మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, పేరు, బెడ్ నంబర్. పదకొండున్నరకు అవి పైకి వచ్చేవి. కొన్నిసార్లు క్యారియర్ వచ్చేసరికి ఆ బెడ్ మీద మనిషి ఉండేవాడు కాదు. కింద ఇచ్చి వెళ్లినవాళ్లకు ఇంకా ఫోన్ వెళ్లి ఉండదు. ఆ గిన్నె ఎక్కడ పెట్టాలి? టేబుల్ మీద పెట్టేదాన్ని. ఇంకా వేడిగా ఉండేది. ఒకరోజు మూత పక్కకు జరిగి పప్పుచారు వాసన. మాస్కులోంచి కూడా వచ్చింది, ఇంగువ పోపు.

అప్పుడు ఏడవలేదు. టైమ్ లేదు. ఇంటికి వెళ్లాక కూడా ఏడవలేదు. చప్పట్లు కొట్టినప్పుడు మా వీధిలో నా పేరు పెట్టి అరిచారు. తర్వాత నెలకు అదే వీధిలో మా ఇంటిముందు నీళ్ల బిందె పెట్టనివ్వలేదు, అది వేరే సంగతి.

2023 ఫిబ్రవరిలో మా కజిన్ పెళ్లి. అరిటాకు ముందు కూర్చున్నాను, పప్పుచారు వడ్డించారు. లేచి వెళ్లి కల్యాణ మండపం వెనక వాంతి చేసుకున్నాను. పిల్ల కడుపుతో ఉందేమో అని గుసగుసలు. మా ఇంట్లో ఇప్పటికీ పప్పుచారు పెట్టరు, నాకు పడదు అంతే అని చెప్పాను. కారణం మొదటిసారి ఇక్కడే రాస్తున్నా. డ్యూటీ దిగి బస్సు కోసం కూర్చున్నాను, అందుకని తప్పులుంటే సర్దుకోండి.

తులసికోట | 12 జనవరి, ఉదయం 6:50

నైట్ డ్యూటీ గారూ, నేను క్యారియర్ పంపాల్సి రాలేదు. పంపి ఉంటే అది మీలాంటి ఒకరి చేతికి వచ్చేదన్నమాట. ఇంతకన్నా ఏం రాయాలో తెలియడం లేదు.

గడియారం | 12 జనవరి, ఉదయం 9:12

కొంచెం తేలికైనది చెప్తాను. మా మామయ్యకు స్టెరాయిడ్ ఇచ్చారు అప్పుడు. నీరసంతో మంచం పట్టాల్సిన మనిషి మూడు రాత్రులు నిద్రపోలేదు. ఇంట్లో గోడ గడియారాలన్నీ విప్పి బాగుచేశాడు, బాగున్నవి కూడా. తెల్లవారుజామున నాలుగింటికి బ్యాంకు మేనేజర్‌కు ఫోన్ చేసి పౌల్ట్రీ పెడతా, లోన్ కావాలన్నాడు. మందు తగ్గించాక మామూలయ్యాడు. గడియారాలు మాత్రం కాలేదు. నా పేరు అందుకే ఇది.

వార్డు టీ | 12 జనవరి, ఉదయం 9:30

స్టెరాయిడ్‌తో నిద్ర పట్టకపోవడం, విపరీతమైన హుషారు, ఒక్కోసారి దిగులు కూడా తెలిసిన సంగతే. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాలి. ఆ రద్దీలో చాలామందికి చెప్పలేదు, మేమూ.

చాక్‌పీస్ | 12 జనవరి, మధ్యాహ్నం 1:40

కరీంనగర్ వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పాను. 2020 మార్చి జీతం సగం, ఏప్రిల్‌ది లేదు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఎండాకాలం ఉపాధి హామీ పనికి పోయాను. మట్టిపని కొత్త కాదు, మాది వ్యవసాయమే. వానాకాలం రాగానే తోపుడు బండి మీద కూరగాయలు.

ఒకరోజు పదో తరగతి పిల్లాడి తల్లి వచ్చింది. టమాటాలు ఏరుతూ తలెత్తి "సార్, మీరా" అన్నది. అంతకుముందు బండివాళ్లతో అర్ధరూపాయి దగ్గర కొట్లాడే మనిషి. ఆ రోజు బేరం ఆడకుండా కొన్నది. నాకు అదే ఎక్కువ తగిలింది.

తర్వాత మెల్లమెల్లగా బుర్ర పనిచేయడం మానేసింది. నలభై ఏడు రూపాయల సరుకుకు ఒక పిల్ల వంద కాగితం ఇస్తే ఎంత తిరిగివ్వాలో తెలియలేదు. నిలబడి చూస్తున్నాను. ఆ పిల్లే "యాభై మూడు అంకుల్" అన్నది. వర్గసమీకరణాలు నిద్రలో చెప్పేవాడిని! వేకువన మూడింటికే మెలకువ, నోట్లో చేదు, పొద్దున లేచి పళ్లు తోముకోవాలంటే కొండెక్కినంత పని. మా ఆవిడ బద్ధకం అనుకుంది మొదట. నేను కూడా అదే అనుకున్నాను.

2021 ఏప్రిల్‌లో సర్కారు ప్రైవేట్ టీచర్లకు నెలకు రెండు వేలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ఆ బియ్యం నిజంగా ఆదుకున్నాయి, అబద్ధం చెప్పను. కానీ రేషన్ షాపు లైన్లో ముందు నా శిష్యుడు, వెనక నా శిష్యుడి తండ్రి. నేను లేకపోతే ఈ ఇంటికి ఎంత ఖర్చు తగ్గుతుందో అని కూడా లెక్క వేశాను ఒక రాత్రి. బుర్ర సరిగ్గా లేనప్పుడు వేసిన లెక్క, అన్ని లెక్కల్లాగే అదీ తప్పు.

మా ఆవిడకు ఏమీ చెప్పలేదు కానీ ఆమె కనిపెట్టింది. తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు రాత్రికి రాత్రి బండి మీద వచ్చాడు, వారం రోజులు నా పక్కనే పడుకున్నాడు, ఏమీ అడగలేదు. తర్వాత జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయాడు. తొమ్మిది నెలలు మందులు వాడాను. ఐదో వారంలో ఒక పొద్దున టీ రుచి తెలిసింది. అల్లం ఎక్కువైందని అన్నాను. మా ఆవిడ గ్లాసు పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు ట్యూషన్లు చెప్తున్నాను. స్కూలుకు తిరిగి పోలేదు.

నిర్వాహకుడు | 12 జనవరి, మధ్యాహ్నం 2:15

చాక్‌పీస్ గారికి దండాలు. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడు అలాంటి లెక్కలు తిరుగుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో మొదలైంది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ, తెలుగులో మాట్లాడతారు. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని చేస్తే ఇంకా మంచిది.

మందుల పేర్లు, మోతాదులు ఇక్కడ రాయకండి. రాసిన రెండు పోస్టులు తీసేశాను.

ఆటో ఇంటావిడ | 12 జనవరి, రాత్రి 8:55

నాకు టైపింగ్ సరిగ్గా రాదు, మా బిడ్డతో రాయిస్తున్న.

మా ఆయన ఆటో నడుపుతాడు, బోరబండ దగ్గర ఉంటాం. రోజూ తాగేటోడు. లాక్‌డౌన్ అని వైన్ షాపులు బందయినయి. నేను మస్తు సంతోషపడ్డ, దేవుడే బంద్ పెట్టించిండు అనుకున్న. రెండో రోజు చేతులు వణుకుడు, చెమటలు. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు పారుతున్నయని చీపురు పట్టుకుని కొడుతున్నడు. చీమలు లేవు. నన్ను గుర్తుపట్టలేదు, మా అత్త అనుకున్నడు. తెల్లారి ఫిట్స్ వచ్చినయి.

పక్కింటి పిల్లాడు స్కూటీ మీద నడుమ కూర్చోబెట్టుకుని, నేను వెనక పట్టుకుని ఎర్రగడ్డ మెంటల్ దవాఖానకు పోయినం. దారిల పోలీసులు ఆపితే ఆయన పోలీసును చూసి "అన్నా ఒక క్వార్టర్" అన్నడు. పోలీసాయన కూడా నవ్విండు, పొమ్మన్నడు. అక్కడికి పోతే మాలాంటోళ్లే, లైనే లైను. ఇంజెక్షన్లు, విటమిన్లు ఇచ్చి ఐదు రోజులు పెట్టుకున్నరు. రోజూ తాగేటోళ్లకు ఒక్కసారి బందయితే పానం మీదికొస్తదని డాక్టర్ అప్పుడు చెప్పిండు. నాకేం ఎరుక, నేను ఇంట్లనే గడియ పెట్టిన.

మే 6న షాపులు తెరిచిండ్రు. లైన్ల ముందు నిలబడ్డది మా ఆయనే. మళ్ల రెండేళ్లు అదే కథ. 2022ల మళ్ల తీసుకపోయిన. ఇప్పుడు పదహారు నెలలు ఆయె ముట్టక. నెలనెల మందులకు నేనే పోత. నాకు కూడా రాసిస్తున్నరు, నిద్రకు కాదు, దిగులుకు. ఆయనకు తోడు పోయిన, నన్ను చూసి డాక్టరమ్మ "నువ్వెట్లున్నవ్" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగలే.

ముప్పై ఐదు | 12 జనవరి, రాత్రి 11:30

నా పేరు చూసి తెలంగాణ వాళ్లకు అర్థమై ఉంటుంది. 2021లో ఇంటర్ ఫస్టియర్ ముందు పరీక్షల్లేకుండా ప్రమోట్ చేశారు, తర్వాత అక్టోబర్‌లో పరీక్షలు పెట్టారు, డిసెంబర్‌లో సగం మందికి పైగా ఫెయిల్ అన్నారు. గొడవయ్యాక అందరికీ 35 వేసి పాస్ చేశారు. నా మెమోలో ఆ 35లు ఉన్నాయి.

ఇంట్లో ఒకే ఫోన్. నాన్న డ్యూటీకి తీసుకెళ్లేవాడు. సాయంత్రం ఏడింటికి ఆయన వచ్చాక యూట్యూబ్‌లో క్లాసు. సిగ్నల్ కోసం డాబా మెట్ల మీద. ఫెయిల్ అని చూసిన రాత్రి నుంచి పాస్ అని చెప్పిన రోజు దాకా వారం పైన నేను గదిలోంచి రాలేదు. మా అక్క తలుపు కింద నుంచి చిట్టీలు తోసేది. "ఉప్మా చేశాను, బాగాలేదు, నువ్వు తినకపోయినా పర్లేదు" ఇలాంటివి. నేను జవాబు రాయడం మొదలుపెట్టాక తలుపు తీశాను.

ఇప్పుడు డిగ్రీ సెకండియర్. కాలేజీలో "కరోనా బ్యాచ్" అంటారు. అందరితో పాటు నవ్వుతాను. ఎగ్జామ్ హాల్లో పేపర్ ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి వణుకుతుంది.

కాకినాడ కాజా | 13 జనవరి, ఉదయం 7:20 (మాకు డల్లాస్‌లో శుక్రవారం రాత్రి)

మూడు రోజులుగా చదువుతూ ఉన్నాను. రాయాలా వద్దా అనుకుంటూ.

నాన్న 2021 మే మూడో వారంలో పోయారు. మే 4 నుంచి ఇండియా నుంచి అమెరికాకు మాలాంటి వీసావాళ్లను రానివ్వడం ఆపారు. వెళితే తిరిగి రాలేను. వీసా స్టాంపింగ్‌కు అపాయింట్‌మెంట్లు లేవు, ఇక్కడ ఇద్దరు పిల్లలు, ఇల్లు, ఉద్యోగం. అమ్మే "రాకు" అంది. ఆ మాట పట్టుకుని ఆగిపోయాను. అమ్మ నిజంగా రావద్దనే అందా, నేను అలా విన్నానా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

ఆంధ్రాలో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ. అన్నీ పన్నెండు లోపు అయిపోవాలి. మాకు అర్ధరాత్రి. పిల్లలు లేస్తారని గరాజ్‌లో కారు పక్కన స్టూల్ వేసుకుని వాట్సాప్‌లో చూశాను. పెదనాన్న కొడుకు పీపీఈ వేసుకుని తలకొరివి పెట్టాడు. ఎవరో ఫోన్ పట్టుకున్నారు, గాలి శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. సరిగ్గా నిప్పు పెట్టేటప్పుడు వీడియో ఆగిపోయింది. గుండ్రంగా తిరుగుతూ ఉంది. మళ్లీ వచ్చేసరికి పొగ. పొద్దున తొమ్మిదింటికి మీటింగ్ ఉంది, కూర్చున్నాను, మాట్లాడాను కూడా.

పద్నాలుగు నెలలు కన్నీరు రాలేదు. 2022 జులైలో ఇండియన్ స్టోర్‌లో నా ముందు ఒక పెద్దాయన, కొత్తగా ఊరి నుంచి వచ్చినట్టున్నారు, బెండకాయల దగ్గర కొడుకుని అడుగుతున్నారు: "మన డబ్బుల్లో ఎంతరా?" నాన్న ఇక్కడికి వచ్చినప్పుడు ప్రతి వస్తువుకూ అదే ప్రశ్న. నేను విసుక్కునేవాణ్ని. బండి అక్కడే వదిలేసి కారులోకి వెళ్లి నలభై నిమిషాలు కూర్చున్నాను.

మా ఆఫీసువాళ్లు ఉచితంగా కౌన్సెలింగ్ ఇప్పించారు. మంచి మనిషే. కానీ తలకొరివి అంటే ఏంటో, అది నేను పెట్టకపోవడం అంటే ఏంటో ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. ఎంత చెప్పినా అంత్యక్రియలకు వెళ్లలేకపోయాడు అన్నట్టే ఆవిడకు అర్థమైంది. తర్వాత తెలుగు వచ్చిన ఒక సైకాలజిస్ట్ ఆన్‌లైన్‌లో దొరికారు. మొదటి రోజు ఆమె "కర్మ ఎవరు చేశారు?" అని అడిగారు. అక్కడి నుంచి మాట వచ్చింది.

2022 డిసెంబర్‌లో వెళ్లి పిఠాపురం పాదగయలో పిండం పెట్టాను. శాంతి కలిగిందా అని అడగకండి. కాళ్లకు చన్నీళ్లు తగిలాయి, బయటికొచ్చాక ఆకలేసింది. అంతవరకు చెప్పగలను.

పాత చింతకాయ | 13 జనవరి, ఉదయం 8:05

బాబూ, మా ఇంట్లో కూడా 21లో ఒకరిది మునిసిపాలిటీవాళ్లే చేశారు. మేము ఊళ్లోనే ఉండి వెళ్లలేదు. మీరు అంత దూరం నుంచి వెళ్లలేకపోయారు. ఈ రెండింటికీ తేడా ఉంది, గుర్తుపెట్టుకోండి.

ఇరవై సెకన్లు | 13 జనవరి, ఉదయం 11:10

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు. నాకు సెషన్‌కు వెయ్యి పైన అయ్యేది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మామూలు జబ్బులతో సమానంగా దీనికీ ఇన్సూరెన్స్ ఇవ్వాలి. కానీ చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తాయి, మాటల చికిత్సకు ఎవరు చేరతారు? పాలసీ కాగితంలో ఓపీ (చేరకుండా చూపించుకునే ఖర్చు) ఉందా లేదా చూసుకోండి. నేను చూసుకోలేదు.

తులసికోట | 14 జనవరి, ఉదయం 10:45

భోగి శుభాకాంక్షలు అందరికీ.

నిన్న రాత్రి రెండున్నరకు లేచినప్పుడు వేలు పెట్టి చూడటానికి బదులు ఆయన్ని లేపాను. నోట్‌బుక్ చూపించాను. ఆయన లైటు వేసుకుని పేజీ పేజీ చదివారు. "నాకు ఆ రాత్రి ఏమీ గుర్తు లేదు, నువ్వు వేలు గట్టిగా నొక్కుతున్నావని విసుగొచ్చింది, అదొక్కటే గుర్తుంది" అన్నారు. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన నవ్వు ఆపేశారు.

గురువారం సాయంత్రం ఒక సైకియాట్రిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. మా ఆయనే ఫోన్ చేశారు.

మంటలో విరిగిన పీట, పాత చాట వేశాం. ఆక్సీమీటర్ ప్లాస్టిక్ కదా, వేయలేదు. వెనక మూత తీస్తే సెల్స్ కారి పచ్చగా పట్టేసింది. మా బాబు దాన్ని పట్టుకెళ్లి బొమ్మ ఎలుగుబంటి చెవికి పెట్టాడు. నోట్‌బుక్ డాక్టరుకు చూపించాలని పక్కన పెట్టాను.

నైట్ డ్యూటీ | 15 జనవరి, మధ్యాహ్నం 2:30

ఈరోజు అమ్మ ఏం వండాలని అడిగితే, ఎందుకు పడదో చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. పులిహోర చేసింది.

కొత్త సభ్యుడు | 17 జనవరి, రాత్రి 9:40

వేదికలో మొదటిసారి రాస్తున్నాను. మా అన్నయ్య గురించి. 2020లో షాపు మూసినప్పటి నుంచి మనుషుల్లో కలవడు, ఈమధ్య తనలో తనే మాట్లాడుకుంటున్నాడు. రేపు ఎలాగో వస్తానన్నాడు. ఎర్రగడ్డలో ఓపీ ఎన్నింటికి? ఆధార్ కావాలా? లోపల ఎటు పోవాలో తెలియదు.

ఆటో ఇంటావిడ | 17 జనవరి, రాత్రి 10:05

పొద్దున్నే రండి తమ్మీ, ఎనిమిదిన్నరకే లైన్ల ఉంటే మంచిది. ఆధార్, పాత చీటీలుంటే అన్నీ తెచ్చుకోండి. ఆయనకు తినబెట్టి తీసుకురా, లేటయితది. రేపు నేను మందులకు పోతున్న. గేటు దగ్గర టీ కొట్టు కాడ ఉంట, పచ్చ స్వెటర్.